హళ్లికి హళ్లి, సున్నకు సున్న

ఏడాది పొడుగునను చెమటోడ్చి పండించిన పంటలో అప్పు పోను, దాని వడ్డీ పోను, మిగిలినదేమని యెవరైన నడిగినప్పుడు "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" యని చేతులు దులుపుకొనుట తెలుగు పల్లెలలో నేటికిని వినబడు మాట. ఈ మాటను మనము పిల్లాజెల్లా, చెట్టూచేమా వంటి జంటల వరుసలో జేర్చి, హళ్లి యనునది సున్నకు తోడుగా చెవి కింపు గొల్పుటకై తగిలించిన పలుకని తలచుచున్నాము. సున్న యేమో బడికి పోయిన మొదటి దినముననే తెలియును గాని, హళ్లి యేమో చెప్పగల పెద్దలు నేడు అరుదు. నిజమునకు అవి రెండును వేర్వేరు సున్నలు. పూర్వపు తెలుగు లెక్కలలో పావుల స్థానమున నేమియు లేదని తెలుపు గుర్తు హళ్లి. వీసముల స్థానమున నేమియు లేదని తెలుపు గుర్తు సున్న. ఏమియు లేకుండుటను రెండు విధముల వ్రాసికొన్న మన పెద్దల చాదస్తమునకు నవ్వువారు నవ్వవచ్చును. కాని ఆ చాదస్తమే నేడు ప్రపంచమున కోట్లాది యంత్రముల గర్భమున నుండి వెలువడు సందేశములలో, వేరొక లిపిలో, వేరొక వేషమున, ప్రతిక్షణమును అచ్చగుచున్నదని చెప్పినచో వారు నవ్వు మాని వినక తప్పదు.

ఈ సంగతిని చెప్పుటకు నేను మరిపెడను ఎన్నుకొంటిని. ఓరుగల్లు నుండి ఖమ్మము పోవు పెద్దబాటలో వర్ధన్నపేట, తొర్రూరు దాటిన పిమ్మట వచ్చు ఊరది. కూడలిని జనులు మరిపెడ బంగ్లా యందురు. 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలోనిది, నాటి నుండి మహబూబాబాదు జిల్లాలోనిది. మహబూబాబాదన్నది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరిట కాగితముల కెక్కిన నామము. నోటి కలవాటైన పేరు మానుకోటయే. చేరువనే ఆకేరు పారును. చుట్టును లంబాడీ తండాలు. ఆ జాతివారి పూర్వులు ఎడ్ల మందలపై ధాన్యమును, ఉప్పును మోసికొని దక్కను నలుమూలలకును, దండుల విడిదులకును చేర్చినవారు. సమీపముననున్న చిన్నగూడూరు దాశరథి కృష్ణమాచార్యులను, రంగాచార్యులను కన్న ఊరు. ఇంతకు మించి మరిపెడకు గణితశాస్త్రముతో ప్రత్యేక సంబంధ మేదియు లేదు. ఇచ్చట నొక భాస్కరుడు పుట్టెనని గాని, తాళపత్రమేదో దొరికెనని గాని చెప్పబోవుట లేదు. తెలంగాణమునందలి ఏ సామాన్యమైన ఊరిలోనైనను అంగడి అరుగు మీద జరిగిన లెక్కయే నాకు కావలసినది. అట్టి సామాన్యత మరిపెడకు సమృద్ధిగా కలదు.

ఆ లెక్క పదహారింటి లెక్క. నిజాము రాజ్యమున చెల్లిన రూపాయికి హాలీ సిక్కా యని పేరు. ఇంగ్లీషువారి రూపాయిని కల్దారనిరి. ఏడు హాలీలకు ఆరు కల్దారులు సమానము. రెండు రూపాయలును వేరైనను రెంటికిని అణాలు పదహారే; అణాకు పైలు పండ్రెండు. ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. అంగడి పద్దులో "7" అని వ్రాసి, అది హాలీయో కల్దారో వ్రాయనిచో ఆ యంకెకు అర్థము లేదు. విలువ యెంతయో చెప్పినంత మాత్రమున చాలదు, అది యే మానమున చెప్పబడినదో కూడ ప్రక్కన నుండవలెను. ఈ మాటను చదువరి మనస్సున నుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

రూపాయియే కాదు, ధాన్యము కూడ ఇదే త్రోవ. కొలతలు ఊరూరికి కొంత మారినను, నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము అనుట తెలుగుదేశమున ప్రసిద్ధమైన వరుస. కావున మానికలో గిద్దలు పదహారు, తూములో మానికలు పదహారు, తూములో గిద్దలు 256. ఆ పైన మాత్రము తూములు ఇరువదియైన పుట్టి యగుటచే వరుస చెడినది. మానవుల యేర్పాట్లలో పూర్తిగా చెడనిది ఏదియును లేదు గదా. పంట యెంత పండినదో సర్కారునకు తెలుపవలసి వచ్చినప్పుడు కూడ అణావారీ యనునదే కొలబద్ద: నిండుపంట పదహారణాలు, దానిని బట్టి ఎనిమిదణాల పంట, నాలుగణాల పంట. ఆస్తిలో వాటాలును అణాలే. బంగారము మేలిమి యనుటకు కావ్యములలో పదారువన్నె యనిరి. వీసమెత్తు అనుమానము, కాణికి కొరగానివాడు అనునవి ఈ లెక్కలోని వీసము, కాణి యను భిన్నముల నామములే. తెలుగుదనము నిండుగా నున్నదనుటకు పదహారణాల తెలుగు అని నేటికిని అనుచున్నాము గాని నూరుపైసల తెలుగు అని యెవరును అనుట లేదు.

పదియే యేల కాలేదు, పదహారే యేల? చేతి వ్రేళ్లు పది కనుక పది సహజమని చెప్పువారు త్రాసు పట్టి యెరుగనివారు. ఒక బెల్లపుదిమ్మను రెండు తట్టలలో సమముగా తూచిన సగమగును. ఆ సగమును మరల సగము చేసిన పావగును. ఇట్లు నాలుగు మారులు సగము చేసిన పదహారవ పాలు చేతికి వచ్చును. ఇందుకు తూనికరాయి కూడ అక్కరలేదు, సమముగా నిలుచు దండియొక్కటి చాలును. పదిని సగము చేసిన అయిదు. అయిదును సగము చేయబోయిన ముక్క మిగులును. కొలుచుట యనునది సగము చేయుటతో మొదలయిన చోటనెల్ల రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు ప్రభువులై కూర్చుండును. గణనము వ్రేళ్లది, కొలత సగములది. ఈ రెంటికి గల తగవు చాల ప్రాచీనము, ఇంకను తీరలేదు.

ఇక ఈ కొలతను వ్రాసిన తీరు చూతము. పావు, అర, ముప్పావులకు నిలువుగీతలు: ఒకటి, రెండు, మూడు. వీసము, పరక, మువ్వీసములకు అడ్డుగీతలు: ఒకటి, రెండు, మూడు. వీసమనగా పదహారవ పాలు, పరక యనగా రెండు వీసములు. అంతకన్న చిన్న భిన్నములకు మరల నిలువుగీతలు, వాని వెనుక మరల అడ్డుగీతలు. ఇట్లు నిలువును అడ్డమును ఒకదాని వెంట నొకటి వచ్చును. నాలుగు పరిమాణముగా గల స్థానమానమిది. ఒక్కొక్క స్థానమున మూడు గీతలకు మించి యుండవు. నాలుగవది వచ్చినచో పై స్థానమునకు పోవును. పదునొకండణాలు వ్రాయవలెనన్న, అర రూపాయియు మువ్వీసమును గనుక, రెండు నిలువుగీతలు, వాని ప్రక్క మూడడ్డుగీతలు. ఇంత చక్కని పొదుపు నేను మరియే లిపియందును చూడలేదని చెప్పుట అతిశయోక్తి యగునేమో, తెలిసినంతవరకు చూడలేదు.

ఈ పద్ధతికి ప్రాణాపాయ మొక్కటి కలదు. కాణి యనగా అరువదినాలుగవ పాలు. దాని గుర్తు ఒక్క నిలువుగీత. పావు గుర్తును ఒక్క నిలువుగీతయే. స్థానమున తప్ప రెంటికిని భేదము లేదు. పావుల చోట నేమియు లేదని హళ్లిని, వీసముల చోట నేమియు లేదని సున్నను ముందు వ్రాసి, ఆపైన నిలువుగీత పెట్టినచో అది కాణి. ఆ రెండు శూన్యములను సోమరితనమున వదలిపెట్టినచో కాణి కాస్తయు పావై కూర్చుండును. అప్పు పదహారు రెట్లగును! ఒక్క శూన్యమును మాత్రము విడిచినను, నిలువు తరువాత అడ్డము రావలెనను నియమము చెడి, చదువువానికి వెంటనే అనుమానము తట్టును. శూన్యములు రెండును రెండు రూపములుగా నుండుటచే ఏది తప్పిపోయినదో కూడ తెలియును. కావున హళ్లికి హళ్లియు సున్నకు సున్నయు వ్రాయుట యనగా ఏమియు లేని చోటును కూడ దాని దాని పేరున నింపుట. లోకోక్తిలో ఆ జంట నిలిచియుండుటకు కారణ మిదియేయని నా తలంపు: పద్దు అంతయు చూచితిమి, ఏ గడియు వదలలేదు, ప్రతి గడిలోను దాని శూన్యమే యున్నదని.

ఊరి పట్వారీ వ్రాత వేరొక మతమునకు చెందినది. మొగలాయీ దఫ్తరుల నుండి దక్కనునకు దిగివచ్చిన రఖము అను అంకెలు అరబ్బీ సంఖ్యాపదములను కొక్కిరిబిక్కిరిగా కుదించి తీసిన గుర్తులు. తెలియనివాడు చదువలేడు, తెలిసినవాడు తన కలవాటు లేని చేతివ్రాతను చదువుటకు జంకును. ఒకే రైతు ధాన్యము సావుకారు పద్దులో నిలువు అడ్డుగీతలుగను, సర్కారు దస్త్రములో రఖముగను కూర్చుండిన కాలమది. ఒకే విలువకు రెండు వేషములు. రెంటిని సరిచూచు స్తోమత మాత్రము రైతునకు లేదు. దొరల కాలపు కష్టములకు కారణములు వేరెన్నో యున్నను, చదువరాని లెక్క వానిలో చిన్నది కాదు.

1957 ఏప్రిల్ 1న ఈ వ్యవస్థకంతకును ప్రభుత్వము చరమగీతము పాడినది. 1955లో నాణెముల చట్టమునకు చేసిన సవరణ నాటి నుండి అమలులోనికి వచ్చి, రూపాయికి నూరు నయా పైసలైనవి. పిదప రెండేండ్లకు హాలీ సిక్కా చెలామణియు ముగిసినది. సేరులును మణుగులును మెట్రిక్కు కొలతలకు చోటిచ్చినవి. అణా అనగా సరిగా ఆరుంబావు పైసలు గదా. పావు పైసను ముద్రించువారు లేరు. అందుచే అణాకు ఆరు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని పట్టిక వేసిరి. బేడ చొప్పున రెండు మారులిచ్చినవానికి ఇరువదినాలుగే వచ్చును. పావలా ఒక్కసారి యిచ్చినవానికి ఇరువదియైదు. సగముల లోకమునకును వ్రేళ్ల లోకమునకును నడుమ నున్న పాత తగవు ఇక్కడ పైసా రూపమున బయటపడినది. ఆ మార్పు తప్పని నేననను. బడిపిల్లలకు అణాపైల ఎక్కములు తప్పినందుకు వారు తరతరములు కృతజ్ఞులై యుండవలెను. అయితే హళ్లి మాత్రము ఆ దినముతో నిరుద్యోగి యయ్యెను.

విచిత్రమేమనగా, మన దేశము పదహారింటిని సాగనంపిన ఏడేండ్లకు, 1964 ఏప్రిల్ 7న, అమెరికాలో ఐబీఎమ్ సంస్థ సిస్టమ్ 360 అను యంత్రముల పరంపరను ప్రకటించి, ఎనిమిది బిట్లను బైటు అను ఒక్క కట్టగా గట్టి, ఆ కట్టలోని విలువను రెండు పదహారింటి అంకెలతో వ్రాయుటను లోకమునకు అలవాటు చేసినది. బిట్టనగా ఉన్నది, లేదు అను రెండు మాటలలో నొకటి. ఎనిమిది బిట్లలో ఇమిడెడు విలువలు 256, మన తూములోని గిద్దలెన్నియో అన్ని. యంత్రమునకు పది వ్రేళ్లు లేవు. దానికి తెలిసినది సగము చేయుటయొక్కటే. నాలుగు బిట్లు కలిసిన ఒక పదహారింటి అంకె. రెండేసి బిట్లు కలిసిన నాలుగింటి అంకె. పదునొకండును యంత్రభాషలో ఒకటి, సున్న, ఒకటి, ఒకటి అని వ్రాయుదురు. వానిని రెండేసిగా విడదీసిన రెండు, మూడు అగును. మన పద్దులో పదునొకండణాలు రెండు నిలువుగీతలు, మూడడ్డుగీతలు గదా! గీతలు నోరు విప్పి చెప్పిన మాటనే యంత్రము బిట్లతో చెప్పుచున్నది. ఇంజినీరు దానిని బీ అను ఒక్క అక్షరముతో వ్రాయుచున్నాడు.

ఆ అక్షరములు స్థిరపడుటకు కొంతకాలము పట్టినది. తొమ్మిది దాటిన ఆరు విలువలకు అంకెలు లేవు కనుక ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము వారి ఇలియాక్ యంత్రమున కె, ఎస్, ఎన్, జె, ఎఫ్, ఎల్ అను అక్షరములను వాడిరి. 1956 నాటి బెండిక్స్ జీ-15 యంత్రమున యు మొదలు జెడ్ వరకు గల ఆరును వాడిరి. ఐబీఎమ్ వారి ప్రాబల్యముచే చివరకు ఏ మొదలు ఎఫ్ వరకు నిలిచినవి. 1862లోనే నిస్ట్రామ్ అను ఇంజినీరు కొలతలు, నాణెములు సమస్తమును పదహారింటికి మార్చవలెనని ఫిలడెల్ఫియాలో ఒక గ్రంథము వ్రాసి, పదహారు అంకెలకును క్రొత్త పేర్లు పెట్టెను గాని, ఎవరును చెవిని పెట్టలేదు. పాపము, ఆయన తెలుగుదేశమునకు వచ్చి యుండిన వీసము, పరక, మువ్వీసము, పావు అను పేర్లు సిద్ధముగా దొరకి యుండెడివి.

తెలుగునాట ఈ విద్య వేళ్లూనుటకును అదే కాలము. 1959 అక్టోబరు 10న వరంగల్లున రీజనల్ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఏప్రిలున హైదరాబాదున ఈసీఐఎల్ అను ఎలక్ట్రానిక్సు సంస్థ ఆవిర్భవించెను. దానికి సూత్రధారి పశ్చిమగోదావరి జిల్లా మోగల్లున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలో రూపుదిద్దుకొన్న టీడీసీ-12 మొదలు టీడీసీ-316 వరకు స్వదేశీ కంప్యూటర్లను ఆ సంస్థ నిర్మించెను. పండ్రెండు బిట్ల మాటను మూడేసిగా విడదీసి ఎనిమిదింటి అంకెలతో వ్రాయుట సులభము. పదహారు బిట్ల మాటకు నాలుగేసిగా విడదీసి పదహారింటి అంకెలు వ్రాయుట సులభము. యంత్రముల వెడల్పును బట్టి లెక్క మారినదన్నమాట. ఆ తరువాత ఇంజనీరింగు కళాశాలలలో 8085 కిట్టు అను చిన్నపలక మీద, పదహారు మీటలు నొక్కి పాఠము నేర్చిన తరము వచ్చినది. ఏడు వెలుగుగీతలతో అంకెలు చూపు ఆ పలకపై పెద్ద బీ ఎనిమిదివలెను, పెద్ద డీ సున్నవలెను కనబడునని, ఆ రెంటిని మాత్రము చిన్న బీగను, చిన్న డీగను చూపిరి. గీతలతో అంకెలు కట్టువారికి ఒకదానిని ఇంకొకటిగా చదువుదురేమోనను భయము ఎన్నటికిని తప్పదు.

ఇప్పుడు హాలీ కల్దారుల మాట మరల తలపునకు తెచ్చుకొందము. 10 అని వ్రాసినచో అది పదియా, పదహారా, ఎనిమిదియా? మూడు లెక్కలలోను ఆ రూపము కలదు. ఇంటెల్ వారి పద్ధతిలో అంకె చివర హెచ్ అను అక్షరము తగిలింతురు. అంకె ఏదైన అక్షరముతో మొదలయినచో అది పేరని యంత్రము భ్రమపడకుండ ముందొక సున్న చేర్తురు. మోటరోలా వారు డాలరు గుర్తు పెట్టిరి. 1978లో అచ్చయిన కెర్నిగాన్, రిచీల గ్రంథమున సీ భాషకు చెప్పిన నియమము నేడు ఎక్కువగా చెల్లుచున్నది: ముందు సున్నయు ఎక్స్ అను అక్షరమును ఉన్నచో పదహారింటి లెక్క, సున్న మాత్రమే ఉన్నచో ఎనిమిదింటి లెక్క, ఏదియు లేనిచో పదింటి లెక్క. సున్న పెట్టుటయే ఇక్కడ విలువను మార్చును. మన హళ్లి నియమమునకు ఇది విపర్యయము. అందంగా నుండునని తెలియక పదికి ముందు సున్న చేర్చినవాడు ఎనిమిదిని పుట్టించును. ఆ నియమమును మంచిదని నేను ఒప్పుకొనలేను.

కంప్యూటరున సమస్తవ్యవహారమును నడుపు మూలక్రమణికకు కెర్నెల్ అని పేరు. గింజలోని పలుకని దాని అర్థము. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్ నేడు జేబులోని ఫోనుల మొదలు పెద్ద సర్వర్ల వరకు నున్నది. తెలుగువారిలో స్వేచ్ఛ వంటి సంస్థలవారు ఆ లినక్సు ముంగిటి మాటలను, పట్టికలను తెలుగు చేసిరి. కాని కెర్నెల్ తనలో తాను వ్రాసికొను దినచర్య ఏ దేశమునను అనువాదము కాదు. దానికి చదువరులు ఇద్దరే: తప్పు వెదకు ఇంజినీరు ఒకడు, ఆ వరుసలను జల్లెడ పట్టు క్రమణిక మరియొకటి. ఈ ఇద్దరికిని సాహిత్యమక్కరలేదు. అంకెలు వరుసగా, ఒకే వెడల్పున, అనుమానమునకు తావులేక కనబడవలెను.

అందులకు వారు పాటించు మర్యాదలు కొన్ని అంగడి పద్దునే తలపించును. 64 బిట్ల యంత్రమున జ్ఞాపకస్థానముల చిరునామాను పదహారు పదహారింటి అంకెలతో వ్రాయుదురు; విలువ చిన్నదైనను ముందు భాగమును సున్నలతో నింపుదురు. యంత్రము పడిపోయినప్పుడు, అందని చిరునామా యిది యని చెప్పుచు, పదునైదు సున్నల చివర ఎనిమిది గల వరుస యొకటి కనబడినదనుకొనుడు. అనుభవజ్ఞుడైన ఇంజినీరు చూచినంతనే, శూన్యమైన చిరునామాను నిజమని నమ్మి, అక్కడి నుండి ఎనిమిది బైట్ల ముందుకు పోయి చదువబోయిన క్రమణిక తప్పిదమని పోల్చుకొనును. ఉట్టి 8 అని అచ్చయినచో అది చిరునామాయో, లెక్కయో, తప్పు సంఖ్యయో తెలియదు. ఆ పదునైదు సున్నలే సాక్షులు. అట్లే 5, 10 అను రెండు బైట్లను సున్నలు నింపక వెంటవెంటనే వ్రాసిన 5ఏ యగును. దానిని తొంబది యని చదువుదురు. 05, 0ఏ అని నింపి వ్రాసిన ఆ ప్రమాదము లేదు. నెట్‌వర్కు కార్డుల చిరునామాలను వ్రాయునప్పుడు క్రొత్తవారు చేయు తప్పు ఇదియే. కాణి పావగుట కన్న ఇది వేరైన తప్పు కాదు.

మానము పేరు తప్పు వ్రాసిన దోషమునకు శిక్షయు కలదు. లినక్సు మూలగ్రంథముతో పాటు చెక్‌ప్యాచ్ అను పరిశీలకుడొకడు వచ్చును. ఎవడైన దిద్దుబాటు పంపునప్పుడు దానిలో సున్న ఎక్స్ అని ముందు పెట్టి, వెనుక అంకెలను మాత్రము పదింటి లెక్కలో వ్రాయించినచో, ఇది లోపమని నిర్మొగమాటముగా చెప్పును. మీద కల్దారని వ్రాసి లోన హాలీ పోసిన సంచి వంటిది గదా ఆ సందేశము. చదువువాడు ఆ 16ను ఇరువదిరెండుగా లెక్కగట్టి, లేని చోట తప్పు వెదకుచు పూట గడుపును. విలువ తప్పు కాదు, యంత్రము తప్పు చేయలేదు. వ్రాత మాత్రమే అబద్ధమాడినది.

ఇన్నియు చెప్పిన పిమ్మట, సత్యము చెప్పుటయే ప్రమాదమైన ఘట్టమొకటి వచ్చినది. కెర్నెల్ తన లోపలి చిరునామాలను దాపరికము లేక అచ్చు వేయుటచే, వానిని చదివి లోనికి దారి వెదకు దొంగలకు సులువగుచున్నదని తేలినది. 2011 నాటికే చిరునామాలను మరుగుపరచు మీట యొకటి చేర్చిరి. 2018 జనవరిలో వెలువడిన 4.15 వ కెర్నెల్ నుండి, చిరునామాను చూపుమని సాధారణముగ అడుగునప్పుడు నిజమైన విలువకు బదులు దానిని కలగాపులగము చేసి పుట్టించిన మారువిలువను అచ్చు వేయుట నియమమైనది. ఒకే చిరునామాకు ఆ యంత్రము తిరిగి మొదలగు వరకు ఒకే మారువిలువ గనుక ఇంజినీరు పోల్చిచూచుకొనవచ్చును. దొంగకు దారి తెలియదు. నిజమే కావలెనన్న ప్రత్యేకముగ వేరొక అక్షరము చేర్చి అడుగవలెను. చదువరాని రఖములు నాడు రైతుకు హాని చేసినవి. నేడు చదువరాని అంకెలు యజమానికి కాపలా కాయుచున్నవి.

అందులోను ఒక మరపురాని ముచ్చట కలదు. యంత్రము మేల్కొనిన తొలి క్షణములలో మారువిలువను పుట్టించుటకు కావలసిన యాదృచ్ఛిక సామగ్రి ఇంకను సమకూడదు. అప్పుడు చిరునామా అడిగినచో చెప్పుట కేమియు లేదు. ఏమియు లేనప్పుడు ఏమి వ్రాయవలెను? చిరునామా విలువ అనుటకు ఆరక్షరముల ముక్క యొకటి వ్రాసి, దానికి ఎడమను నాలుగు, కుడిని నాలుగు అడుగుగీతలు గీసి, రెండు వైపులను కుండలీకరణములు పెట్టుదురు. ఆరును, ఎనిమిదియు, రెండును కలిపిన పదహారు. చెప్పదగినది శూన్యమైనను పదహారు గడులును నింపవలెను, లేనిచో క్రింది వరుస ప్రక్కకు జరుగును. గీతలతో చోటు కాచిన ఆ గుర్తును మొదటిసారి చూచినప్పుడు నాకు హళ్లియే జ్ఞప్తికి వచ్చినది.

హళ్లి సైతము ఆ యంత్రములలోనికి అడుగు పెట్టినది. 2008 ఏప్రిలున వెలువడిన యూనికోడ్ 5.1 లో నిలువుగీతలు మూడు, అడ్డుగీతలు మూడు, హళ్లి, తూము గుర్తు తెలుగు వరుస చివర చేరినవి. వీసముల శూన్యమునకు మాత్రము వేరు గుర్తు నీయలేదు. మామూలు తెలుగు సున్నయే ఆ పని చేయును. యూనికోడున ప్రతి అక్షరపు చిరునామాయు పదహారింటి లెక్కలోనిదే. సున్న 0సీ66 వద్దను, హళ్లి 0సీ78 వద్దను, తూము 0సీ7ఎఫ్ వద్దను కాపురమున్నవి. ఆ చిరునామాలలో మొదటి సున్నకు విలువ లేదు. నాలుగు గడులు నిండవలెనను మర్యాద కొరకే అది అచ్చట నిలిచినది.

మరిపెడ అంగడి పద్దును ఎవరైన కంప్యూటరున కెక్కించి, అందలి హళ్లి యొకటి ఎప్పుడైన కెర్నెల్ తన జ్ఞాపకమును వరుసకు పదహారు బైట్ల చొప్పున కుమ్మరించు పట్టికలో తటస్థపడెనేని, కుడివైపున అక్షరముల గడిలో ఆ గుర్తు రాదు. ఇంగ్లీషు కాని ప్రతి బైటునకును అక్కడ ఒక చుక్క పెట్టుట ఆచారము గనుక మూడు చుక్కలు మాత్రమే కనబడును. ఎడమవైపున మూడు జంటలుండును: ఈ0, బీ1, బీ8.